ఎడారిలో దేవతల విడిది: పాల్మైరా నగరము

ఎడారి యనగానే మన మనస్సునకు తోచునది లేమి. నీరు లేదు, నీడ లేదు, నిలువ నెలవు లేదు. అట్టి చోట ఒక నగరము పుట్టుటయే వింత. పుట్టిన నగరము రోము, పారసీక సామ్రాజ్యముల నడుమ నిలిచి ఐశ్వర్యవంతమగుట మరింత వింత. ఆ నగరమున వెలసిన ప్రధానాలయము, కొలిచెడి ప్రజల మతము రెండు మారులు మారినను, ఇంచుమించు రెండువేల యేండ్లు చెక్కుచెదరక నిలిచియుండుట అన్నిటికంటె గొప్ప వింత. సిరియా దేశపు టెడారి నడుమనున్న పాల్మైరా నగరము కథ యిట్టిది. ఆ యాలయము అన్ని యుగము లెట్లు నిలిచినది? నిలిచినది మన కాలమున నేల కూలినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే యీ ప్రసంగము ఉద్దేశము.

మొదట నగరమున్న తావును చూతము. సిరియా రాజధాని డమాస్కసునకు ఈశాన్యముగా సుమారు 215 కిలోమీటర్ల దూరమున, మధ్యధరా సముద్రమునకును యూఫ్రటీసు నదికిని నడుమ, ఇది కలదు. స్థానికులు పూర్వమునుండియు దీనిని తద్మోర్ అనిరి. అరబ్బీ భాషలో నేటికిని దాని పేరు తద్మురే. పాల్మైరా యన్నది గ్రీకులును రోమనులును వాడిన పేరు. మన తాటిచెట్టునకు ఆంగ్లమున పాల్మైరా యను పేరు కలదు గనుక ఈ రెంటికి ఏదో చుట్టరికమున్నదని మనకు తోచవచ్చును. అట్టిదేమియు లేదు. చెట్టు పేరు పోర్చుగీసు వారి మాటనుండి వచ్చినది. ఈ నగరమున ఉన్నవి తాళ్ళు కావు, ఖర్జూరములు. ఎడారిలో నెత్తురుకంటె విలువైన నీరు ఇచట నేలనుండి ఉబికెడిది గనుక ఆ ఖర్జూరపు తోటలు పెరిగినవి.

ఆ నీటిబుగ్గ పేరు ఎఫ్కా. అరమాయిక్ భాషలో ఆ మాటకు వెలికివచ్చు చోటు అని యర్థము. నగరమునకు పశ్చిమమున కొండ పాదమున నున్న గుహనుండి గోరువెచ్చని, గంధకపు వాసనగల నీరు ప్రవహించెడిది. ఆ బుగ్గకు అధిదేవత యర్హిబోల్. ఆయన సూర్యస్వరూపుడు. బుగ్గ నిర్వహణమునకు నియుక్తుడైన యొక పెద్దను సాక్షాత్తు యర్హిబోలే యెన్నుకొనెనని ఒక శాసనము చెప్పుచున్నది. దైవవాక్కుచేత ఎన్నికైన యా పెద్దమనిషి చేయవలసినది నీటి పంపకము. ఇదే యీ నగరపు మతమునకు మొదటి పాఠము. ఇచట భక్తి ఆకాశమునుండి దిగిరాలేదు. నేలనుండి ఊరినది. ఏ నీరు లేకున్న మనిషి బ్రదుకడో ఆ నీటిచెంతనే దేవునికి చోటు కల్పించిరి.

ఈ నీటిచెంత మనుష్యులు ఎప్పుడు కాపురముండిరి? బేల్ దేవుని యాలయము నిలిచిన దిబ్బక్రింద అంతకు రెండువేల యేండ్లకు పూర్వపు నివాసముల జాడలు దొరకినవి. క్రీస్తుకు పూర్వము రెండవ సహస్రాబ్ది ఆరంభపు మట్టి పలకలలో తద్మోర్ పేరు కనబడుచున్నది. యూదుల దినవృత్తాంతముల గ్రంథము, అరణ్యమందలి తద్మోరును సొలొమోను రాజు కట్టించెనని చెప్పుచున్నది. అయితే రాజుల గ్రంథపు మూలములో ఆ చోట తామార్ అను పేరున్నది. అది యూదా దేశమునకు దక్షిణముననున్న వేరొక యూరు కావచ్చునని పండితులు తలంతురు. ఏమైనను, సొలొమోనుకు శతాబ్దులకు పూర్వమే తద్మోర్ ఉన్నదనుట నిశ్చయము. ఒక మహారాజు కట్టించిన నగరమని చెప్పుకొనుట ఏ యూరికైనను గౌరవమే. కాని యీ నగరమును నిజముగా కట్టినవారు బిడారుల వర్తకులు.

బిడారు సంగతి కొంచెము వివరింపవలెను. సముద్రతీరమునుండి యూఫ్రటీసునకు పోవలెనన్న రెండు దారులు. ఒకటి ఉత్తరముగా చుట్టి, నీరును ఊళ్ళునుగల నేలమీదుగా పోవునది. రెండవది ఎడారికి అడ్డముగా పోవునది. రెండవది దగ్గర. కాని దారిలో నీరెక్కడనున్నదో తెలిసినవారు, ఒంటెలను పెంచినవారు, ఎడారి తెగలతో సఖ్యముగలవారు తోడులేక ఎవ్వరును ఆ దారిని పోలేరు. ఈ మూడును పాల్మైరావారి సొత్తు. వారు ఒంటెలను సమకూర్చిరి, విలుకాండ్రను కాపునకు పంపిరి, నదిదాక సరకును చేర్చిరి. అచటనుండి నదివెంట పారసీక సింధుశాఖ మొదటనున్న ఖారక్స్ రేవునకు పోయి, ఓడ లెక్కి మన దేశపు పశ్చిమతీరమునకు వచ్చుచుండిరి.

ఇది ఊహ కాదు. క్రీ.శ. 157వ సంవత్సరపు శాసనమొకటి, సిథియానుండి ఓడలో క్షేమముగా తిరిగివచ్చిన వర్తకులు తమకు సాయపడిన మార్కుస్ ఉల్పియుస్ యర్హాయ్ అను శ్రీమంతునికి గౌరవార్థము విగ్రహము నెత్తించిరని చెప్పుచున్నది. సిథియా యనగా ఆనాటి గ్రీకు నావికుల పరిభాషలో సింధునది ముఖద్వార ప్రాంతము. శకులు ఏలుటచేత ఆ పేరు వచ్చినది. మరియొక సంబంధమును గమనింపదగును. పాల్మైరా ప్రజలు మాటలాడినదియు, శాసనములలో వ్రాసినదియు అరమాయిక్ భాషలో ఒక శాఖ. ఆ భాషయొక్క పూర్వరూపమునే అశోక చక్రవర్తి తక్షశిలయందును కాందహారునందును శాసనములకు వాడెను. కనుక మన దేశపు వాయవ్యమునకు ఆ లిపి క్రొత్తదికాదు. చీనాదేశపు పట్టుబట్టల ముక్కలు పాల్మైరా సమాధులలో బయల్పడినవి. తూర్పు సముద్రపు కొసనుండి పడమటి సముద్రపు కొసవరకు సాగిన వ్యాపారమునకు ఈ ఖర్జూరపు తోట మధ్యమజిలీ.

రాజులు దండయాత్రలు చేసిన తేదీలు చరిత్రలో ఉండును. వర్తకుడు చెల్లించిన సుంకము లెక్క అరుదుగా మిగులును. పాల్మైరా విషయమున అదియు మిగిలినది. క్రీ.శ. 137లో ఈ నగరసభ చేసిన తీర్మానము, సుమారు ఐదు మీటర్ల పొడవుగల శిలాఫలకముపై, గ్రీకు భాషలోను స్థానికభాషలోను చెక్కబడి దొరకినది. 1881లో ఒక రష్యను రాకుమారుడు దానిని కనుగొనెను. అది నేడు సెంట్ పీటర్స్‌బర్గ్ నగరపు హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో కలదు. పూర్వపు చట్టమున లేని వస్తువులపై ఆచారమునుబట్టి పన్ను వసూలు చేయుటచేత వర్తకులకును సుంకరులకును తరచు తగవులు వచ్చుచున్నవి గనుక, ఇకమీదట ప్రతి వస్తువునకును రేటు వ్రాసిపెట్టవలెనని ఆ తీర్మానము సారాంశము. దిగుమతియైన ఒక్కొక్క బానిసకు 22 దెనారియములు. పరిమళతైలము రాతిపాత్రలలో వచ్చిన నొక రేటు, మేకతోలు తిత్తులలో వచ్చిన వేరొక రేటు. నగరమందలి రెండు బుగ్గల నీటిని వాడుకొనుటకు సంవత్సరమునకు 800 దెనారియములు. ఈ పట్టికను శిలపై చెక్కి ఒక దేవళమున కెదురుగా నిలుపవలెనని కూడ తీర్మానించిరి. దైవమున కెదుట నిలిచిన లెక్కను ఇరుపక్షములవారును మన్నింతురని వారి నమ్మకము కాబోలు.

ఇంతగా తిరిగిన ప్రజలు సరకుతోబాటు దేవతలను కూడ ఇంటికి తెచ్చుకొనుట సహజమే. పాల్మైరాలో అరవదికి పైగా దేవతల పేర్లు శాసనములలో కనబడుచున్నవి. వారిలో నగరమునకు మూలదేవత బేల్. ఆయన పూర్వనామము బోల్ అనియు, బాబిలోనియా దేశపు మహాదేవుని ప్రభావముచేత బేల్ అయ్యెననియు పండితులు చెప్పుదురు. ఆయన కిరుప్రక్కల సూర్యుడగు యర్హిబోల్, చంద్రుడగు అగ్లిబోల్. పడమటి సముద్రతీరపు జాతులనుండి వచ్చినవాడు బాల్‌షమీన్. ఆ పేరునకు ఆకాశాధిపతి యని యర్థము. వానలిచ్చువాడు ఆయనయే. అరబ్బు తెగలు కొలిచిన దేవి అల్లాత్. గ్రీకుల శిల్పశైలి వచ్చిన తరువాత ఆమెను వారి అథీనావలె శిరస్త్రాణముతోను డాలుతోను మలచిరి. ఒక తెగవారు తమ దేవతకు గుడి కట్టుకొన్న, ప్రక్క తెగవారు వచ్చి అందులో బలిపీఠము నిలుపుట ఇచట సామాన్యము. ఎడారి ప్రయాణములో ఒకరి నీటితిత్తి మరియొకరికి ప్రాణము గదా. అట్టివారు ఒకరి దేవుని మరియొకరు కాదనుట వారి బ్రదుకునకే సరిపడదు.

వీరందరి నడుమ పేరులేని దేవుడొకడు ఉండెను. నగరమంతట దొరకిన వందలకొలది చిన్న బలిపీఠములపై, ఎల్లప్పుడును స్తుతింపదగిన నామముగల, మంచివాడును దయామయుడునగు దేవునికి కృతజ్ఞతతో అని మాత్రము వ్రాసియున్నది. ఆ నామమేదో వ్రాయలేదు. ఆ పీఠములను నిలిపినవారు గొప్పవారు మాత్రమే కారు. సామాన్య స్త్రీపురుషులును, బానిసత్వమునుండి విముక్తులైనవారును ఉండిరి. మొర పెట్టుకొంటిని, ఆలకించెను అని వారు వ్రాయించిరి. తరువాతి కాలపు ఏకేశ్వర మతముల భాషకు ఇది యెంత చేరువగానున్నదో చదువరులే యూహింపవచ్చును.

ఇక బేల్ ఆలయము. దాని గర్భాలయము క్రీ.శ. 32వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన దేవతాత్రయమునకు అంకితమయ్యెను. ఆ తేదీని, అంకితము చేసిన లిషమ్ష్ అను వాని పేరును ఒక విగ్రహపీఠముపైనున్న శాసనము కాపాడినది. ఒక్కొక్క వైపున రెండువందల మీటర్లకు పైగా నున్న చతురస్రపు ఆవరణ, దాని నడుమ ఎత్తైన పీఠముపై ఆలయము. చుట్టును నిలిచిన కొరింథియ స్తంభములను దూరమునుండి చూచిన ఇది గ్రీకుల గుడి యనిపించును. దగ్గరకు పోయిన కట్టడము మారును. గ్రీకుల గుడికి ద్వారము పొట్టి వైపున ఉండును. ఇచట నిలువు గోడలో, అదియు నడిమికి కాక ఒక ప్రక్కగా ఉన్నది. లోపల ఎదురుగా ఒక దేవత కాక, ఉత్తరమున ఒక గూడు, దక్షిణమున ఒక గూడు. పైకప్పు చదునుగా నుండి, మెట్లెక్కి మీదికి పోయి క్రతువులు చేయుటకు వీలుగా నున్నది. వెలుపలి దుస్తులు పడమటివి, లోపలి ప్రాణము తూర్పుది.

ఉత్తరపు గూటి కప్పును ఏకశిలతో చేసిరి. నడుమ బేల్, చుట్టును ఆరు గ్రహముల మూర్తులు, వాని చుట్టును మేషాది పండ్రెండు రాశులు. పంచాంగము చూచు అలవాటుగల మనకు ఈ చిత్రము అపరిచితము కాదు. ఈ రాశిచక్రము బాబిలోనియా జ్యోతిష్యులది. గ్రీకుల మూలమున అది మన దేశమునకును వచ్చినదని పండితుల యభిప్రాయము. అనగా ఆ కప్పుక్రింద నిలిచిన అర్చకుడును, మన సిద్ధాంతియు చూచిన ఆకాశము ఒక్కటే కాదు, చదివిన లిపియు ఒక్కటే.

ఆలయపు దూలమొకదానిపై ఊరేగింపు దృశ్యము చెక్కబడియున్నది. కప్పిన పల్లకివంటి దానిని మోయుచు ఒక ఒంటె నడచుచుండును. వెనుక తలనుండి పాదమువరకు ముసుగు వేసికొన్న స్త్రీలు. ఒంటెపైనున్నది దేవతామూర్తి యని విద్వాంసులు తలంతురు. గుడారములలో బ్రదికిన పూర్వీకులు తమ దేవతలను వెంటనే తీసికొనిపోయెడివారు. నగరము కట్టుకొన్న తరువాతను ఆ జ్ఞాపకమును విడువలేదు. ఆలయావరణములో పండుగనాడు సహపంక్తి భోజనములు జరిగెడివి. వానికి ఆహ్వానముగా ఇచ్చిన చిన్న మట్టిబిళ్ళలు వేలకొలది దొరకినవి. వానిపై దేవుని బొమ్మయో, అర్చకుని బొమ్మయో అచ్చొత్తియుండును. రెండువేల యేండ్లనాటి భోజనపు చీటీలు నేడు ప్రదర్శనశాలలలో ఉన్నవి.

అల్లాత్ దేవళపు గోడలో నిలిపిన సింహము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. సుమారు మూడున్నర మీటర్ల యెత్తును, పదిహేను టన్నుల బరువునుగల సున్నపురాతి సింహమది. దాని ముంగాళ్ళ నడుమ ఒక లేడి నిర్భయముగా పడుకొనియున్నది. సింహము దానిని చంపుట లేదు, కాచుచున్నది. సింహపు పంజాపై ఒక చిన్న శాసనమున్నది. ఈ పుణ్యస్థలమున రక్తము చిందింపని వానిని అల్లాత్ దీవించునని దాని భావము. ఈ సింహమును 1977లో పోలండు దేశపు పురావస్తు శాస్త్రజ్ఞులు వెలికి తీసిరి. మతమనగా మొదట అభయమని ఆ శిల్పి తలంచెను.

చనిపోయినవారికి పాల్మైరావారు కట్టిన ఇండ్లను శాశ్వత గృహములనిరి. నగరపు వెలుపలి లోయలో నాలుగైదు అంతస్తుల గోపురములవంటి సమాధులు నిలిచెను. క్రీ.శ. 103లో కట్టిన ఎలాబెల్ కుటుంబపు గోపురము వానిలో పేరుపొందినది. ఒక్కొక్క అరకు మూతగా మృతుని రూపము చెక్కిన రాతిపలక. దానిపై పేరు, తండ్రి పేరు, చివర హబల్ అను మాట. అయ్యో యని దాని యర్థము. ఎన్ని శాసనములలో ఎన్ని బిరుదులున్నను, ప్రతి యింటివారును చివరకు చెప్పినది ఆ యొక్క మాటయే.

ఈ నగరపు రాజకీయ చరిత్ర క్లుప్తముగా నిది. క్రీ.శ. మొదటి శతాబ్దిలో ఇది రోము సామ్రాజ్యములో చేరెను. 129లో హేడ్రియను చక్రవర్తి వచ్చి చూచి తన పేరు దీనికి కలిపెను. 260లో పారసీక రాజు షాపూరు రోము చక్రవర్తిని బందీగా పట్టుకొనగా, తూర్పు సరిహద్దును కాపాడినవాడు పాల్మైరా ప్రభువు ఒడెనాథుస్. ఆయన హతుడైన పిమ్మట భార్య జెనోబియా, బాలుడైన కొడుకు పేర రాజ్యమేలెను. 270లో ఆమె సేనలు ఐగుప్తమును గైకొనెను. 272లో ఔరేలియను చక్రవర్తి స్వయముగా వచ్చి ఆమెను ఓడించి చెరపట్టెను. మరుసటి యేట నగరము మరల తిరుగబడగా సైనికులు దానిని దోచిరి. ఆశ్చర్యమేమన, గెలిచిన ఔరేలియను 274లో రోమున సూర్యదేవునికి మహాలయము కట్టించెను. పాల్మైరానుండి తెచ్చిన సూర్యుని విగ్రహమును, బేల్ విగ్రహమును అందు నిలిపెనని జోసిమస్ అను చరిత్రకారుడు వ్రాసెను. నగరము ఓడినది. దాని దేవతలు మాత్రము రాజధానికి చేరిరి.

దోపిడితో వ్యాపారము తగ్గెను గాని ఆరాధనము ఆగలేదు. 325లో జరిగిన నికేయా మహాసభకు పాల్మైరానుండి బిషప్పు ఒకడు హాజరయ్యెను. క్రమముగా నగరము క్రైస్తవమయ్యెను. ఈ మార్పు అంతయు శాంతముగా జరిగెనని మనము చెప్పరాదు. నాలుగవ శతాబ్ది చివర అల్లాత్ దేవళము ధ్వంసమయ్యెను. అందలి అథీనా రూపమగు చలువరాతి ప్రతిమను తల పగులగొట్టిరి. కాని బేల్ ఆలయపు అదృష్టము వేరు. దానిని పడగొట్టక చర్చిగా మార్చుకొనిరి. క్రైస్తవ చిత్రముల జాడలు దాని లోగోడలపై మొన్నటివరకు కనబడెడివి. బాల్‌షమీన్ దేవళమును కూడ చర్చి యయ్యెను. 634లో ఖాలిద్ ఇబ్న్ అల్ వలీద్ సేనాధిపత్యమున అరబ్బులు నగరమును వశపరచుకొనిరి. స్తంభముల రాజవీథి నడుమ క్రొత్త అంగళ్ళు వెలసెను. పండ్రెండవ శతాబ్దిలో బేల్ ఆలయావరణము కోటగా మారెను. గర్భాలయము మసీదయ్యెను. పిమ్మట ఊరంతయు ఆవరణలోనికే వచ్చి చేరెను. స్తంభముల నడుమ మట్టియిండ్లు, పశువుల కొట్టములు, పిల్లల కేకలు. నడుమ ప్రార్థన.

మొదటి ప్రశ్నకు సమాధాన మిచటనే యున్నది. బేల్ ఆలయమును నిలిపినది రాతి బలము మాత్రమే కాదు. దానిచుట్టునున్న ఎన్నో కట్టడములు అంతే గట్టివైనను భూకంపములకు కూలినవి, రాళ్ళకొరకు విప్పబడినవి. ఈ గుడి నిలుచుటకు కారణము దానిని ఎవ్వరును విడిచిపెట్టకుండుట. వచ్చినవారు తమ దేవుని పేరు మార్చిరి, దిక్కు మార్చిరి, గోడపై సున్నము పూసిరి. కాని ఇది ప్రార్థన చేయదగిన చోటన్న పూర్వుల తీర్పును కాదనలేదు. వాడుకలోనున్న యింటికి చెద పట్టదు. కొలుపులోనున్న గుడికి శైథిల్యము త్వరగా రాదు.

పడమటి లోకము ఈ నగరమును వివరముగా ఎరిగినది పదునెనిమిదవ శతాబ్దిలో. 1751లో రాబర్ట్ వుడ్, జేమ్స్ డాకిన్స్ అను ఇరువురు వచ్చి శిథిలములను కొలిచి చిత్రించిరి. 1753లో వెలువడిన వారి గ్రంథమును చూచి ఇంగ్లండు శ్రీమంతులు తమ భవనముల కప్పులను బేల్ ఆలయపు కప్పు నమూనాతో చేయించుకొనిరి. 1754లో ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ ఆ లిపిని చదివెను. సిరియా ఫ్రెంచివారి పాలనలోనుండగా, 1929 మొదలు మూడు నాలుగేండ్లలో, ఆలయావరణమందలి గ్రామస్థులను ప్రక్కన కట్టిన క్రొత్త యూరికి తరలించిరి. మట్టియిండ్లు పోయినవి. మసీదు ముగిసినది. ఆలయము శుభ్రపడి యాత్రికులు చూచు చారిత్రక కట్టడమయ్యెను. 1980లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. పండితుల దృష్టిలో ఇది రక్షణమే. కాని ఇంచుమించు పందొమ్మిది వందల యేండ్లు ఆ గోడల నడుమ వినబడిన మనుష్యుల ప్రార్థన అప్పుడే మొదటిసారిగా ఆగినదన్న మాటను కూడ మనము మరువరాదు.

2015 మే నెలలో ఇస్లామిక్ స్టేట్ అని పేరు పెట్టుకొన్న సాయుధ దళము పాల్మైరాను ఆక్రమించెను. అంతకు ముందే ప్రదర్శనశాలనుండి వందలకొలది వస్తువులను డమాస్కసునకు తరలించిరి. 1963 మొదలు 2003 వరకు నలువది యేండ్లు ఆ స్థలపు పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన ఖాలిద్ అల్ అసాద్ మాత్రము తన యూరు విడువలేదు. ఎనుబది యేండ్లు దాటిన ఆ వృద్ధ పండితుని ఆగస్టు 18న చంపిరి. దాచిన పురావస్తువుల జాడ చెప్పుటకు ఆయన నిరాకరించెనని వార్తలు వచ్చెను. ఆగస్టు 23న బాల్‌షమీన్ దేవళమును, 30న బేల్ గర్భాలయమును ప్రేలుడు మందుతో పడగొట్టిరి. ఎలాబెల్ గోపురమును, అక్టోబరులో రాజవీథి తోరణమును కూల్చిరి. ముప్పది రెండవ సంవత్సరమున అంకితమైన గుడి 1983 యేండ్లు నిలిచి ఒక్క దినమున నేలకూలెను. పురాతనకాలమున తల పగిలి, మన కాలమున నిపుణులు అతికి నిలిపిన ఆ అథీనా ప్రతిమ సయితము మరల విరిగెను. 2016 మార్చిలో నగరము విడుదలయై, డిసెంబరులో మరల వారిచేత చిక్కెను. 2017 మార్చిలో పూర్తిగా విముక్తమయ్యెను.

రెండవ ప్రశ్నకు సమాధానమిది. కూల్చినవారు తాము విగ్రహారాధనమును నిర్మూలించితిమనిరి. నిజమునకు ఆ గుడిలో విగ్రహములు లేక పదునైదు శతాబ్దులు దాటినది. ఎనిమిది వందల యేండ్లు అది ముసల్మానులు నమాజు చేసిన మసీదు. కనుక వారు కూల్చినది బేల్ గుడిని మాత్రమే కాదు. క్రైస్తవుల చర్చిని, తమ మతస్థుల మసీదును, గ్రామస్థుల తాతలు పుట్టిన యిండ్ల జ్ఞాపకమును కూడ. ఒక చోట ఒక్క మతపు జ్ఞాపకమే మిగులవలెనని పట్టుబట్టినవారికి, చివరకు తమ మతపు జ్ఞాపకమును సయితము కూల్చుకొనక తప్పదు.

ఇప్పుడు అచట మిగిలినదేమి? బేల్ ఆవరణ ప్రాకారము చాలవరకు నిలిచియున్నది. గర్భాలయపు మహాద్వారము, చుట్టును గోడలు పడిపోయినను, ఒంటరిగా నిలిచినది. పడిన రాళ్ళతోనే మరల కట్టవలెనని కొందరు, పడినదానిని పడినట్లే ఉంచుట చరిత్రకు న్యాయమని కొందరు వాదించుచున్నారు. ఇరువురి మాటలోను సత్యమున్నది. కాని ఈ నగరపు కథను మొదటినుండి చూచినవారికి ఒక సంగతి తోచును. ఇచట ప్రతి యుగమువారును పూర్వుల రాతినే తీసికొని తమ బ్రదుకునకు తగినట్లు నిలుపుకొనిరి. తద్మురు ప్రజలు తమ యూరికి తిరిగివచ్చి, నీరు పారించి, ఖర్జూరములు పెంచుకొని, ఆ రాళ్ళ నడుమ నిర్భయముగా తిరుగగలుగుట కట్టడపు పునరుద్ధరణకంటె ముందు జరుగవలసిన పని. మనుష్యులు లేని పుణ్యస్థలమును ఏ సంస్థయు చిరకాలము కాపాడలేదు.

అల్లాత్ సింహము కూడ 2015లో విరిగినది. దాని ముక్కలను డమాస్కసునకు చేర్చి, పోలండు నిపుణుల సాయముతో అతికిరి. 2017లో అచటి జాతీయ ప్రదర్శనశాలలో దానిని నిలిపిరి. లేడి దాని కాళ్ళ నడుమ మునుపటివలెనే యున్నది. రక్తము చిందింపని వానికి దీవెన యని చెప్పు ఆ పంజాపై యక్షరములు చదువ వచ్చినవారికి నేటికిని చదువవచ్చుచున్నవి.